పడవ కీమత్ ఎంత, మామూ?

మొన్న రంజాన్ పండక్కి రాయచోటి వెళ్ళాను. ఈద్గాలో నమాజ్ అయింది, షీర్ ఖుర్మా తాగడం అయింది, వచ్చేపోయే వాళ్ళతో గలే మిలడం అయింది. మధ్యాహ్నం ఆపా వాళ్ళింట్లో చాప మీద ఒరిగి ఉంటే, ఆపా చిన్నకొడుకు ఫోన్ పట్టుకుని పక్కన చేరాడు. ఏదో వీడియో. నీలం నీళ్ళ మీద తెల్లటి మోటారు పడవ. పైకప్పు లేదు. తేనెరంగు సీట్లు, టేకు చెక్క నేల, అద్దంలా మెరిసే స్టీలు కమ్మీలు.

"మామూ, దీని కీమత్ ఎంత ఉంటుంది?"

"చూడకుండా ఎట్లా చెప్పేది బేటా?"

"చూస్తున్నావు కదా!"

"ఇది చూడటం కాదు."

వాడు నవ్వాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు కాసేపు ఆగింది. అటువైపు కుర్చీలో కూర్చున్న దుల్హాభాయ్ పేపర్లోంచి తల ఎత్తలేదు. ఒక పడవ కీమత్ వల్లనే మా ఆపా నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. అప్పటికి వీడు పసివాడు, ఆ సంగతి వాడికి తెలియదు. ఇన్నాళ్ళకు రాయాలనిపించింది.

మా అబ్బాకు రాయచోటిలో చిన్న కొట్టం ఉండేది. తలుపులు, కిటికీలు, మంచాలు, బీరువాలు చేసేవాడు. టింబర్ డిపోకు పోతే అబ్బా దుంగను ముందు కళ్ళతో చూసేవాడు కాదు. వేలి కణుపులతో కొట్టి, తల వంచి వినేవాడు. కొబ్బరికాయనీ, నీళ్ళకుండనీ కొట్టి చూస్తాం చూడండి, అట్లా. పాత బీరువా రిపేరుకొస్తే ముందు దాన్ని గోడకి తిప్పి, వెనక పలక చూసేవాడు. "ముందువైపు గిరాకీని చూసి చేస్తార్రా. వెనకవైపు ఎవడూ చూడడని చేస్తారు. కారీగర్ ఎట్లాంటోడో అక్కడ తెలుస్తుంది" అనేవాడు. నాకు అప్పుడు ఆ మాట పట్టలేదు. నా ధ్యాసంతా దుబాయి మీదే.

2006లో అజ్మాన్ చేరాను. మా ఊళ్ళో అజ్మాన్ అయినా, షార్జా అయినా, కువైట్ అయినా అంతా "దుబాయే". అమ్మీ అయితే ఇప్పటికీ పక్కింటివాళ్ళతో "మావాడు ఓడలు రిపేరు చేస్తాడు" అంటుంది. ఓడలు కాదు, పడవలు. అది కూడా మన కృష్ణా నదిలో బల్లకట్టు లాంటివి కావు, షౌక్ కోసం కొనే పడవలు. ఫైబర్ పడవలు పోసే యార్డులో పని దొరికింది. తొమ్మిదేళ్ళు అక్కడ చేశాను.

ఫైబర్ పడవ ఎట్లా పుడుతుందో చెబితేనే మిగతా సంగతి అర్థమవుతుంది. పడవ ఆకారంలో పెద్ద అచ్చు ఉంటుంది, ఇడ్లీ పాత్రలో గుంట లాగా. దాని లోపలివైపు నున్నగా మైనం రాస్తారు. మొదట జెల్‌కోట్ అనే రంగుపూత కొడతారు. మీరు బయటినుంచి చూసి "అబ్బ, ఏం మెరుపు!" అనేది దాన్నే. తరువాత గాజునూలు చాపలు పరుస్తూ, రెసిన్ తడుపుతూ, రోలరుతో గాలిబుడగలు పోయేదాకా నొక్కుతాం. పొర మీద పొర. రెసిన్‌లో గట్టిపడే మందు కలిపాక దానికి ఇంత టైమని ఉంటుంది. అక్కడి జూలై ఎండలో ఆ టైము సగానికి పడిపోతుంది. బకెట్లో ఉన్నదే వేడెక్కి పొగలు కక్కుతుంది. అందుకే ఫజర్‌కి ముందే పని మొదలుపెట్టేవాళ్ళం. ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని అక్కడి చట్టం. కానీ షెడ్డు లోపల కూడా వేడి వేడే. రాత్రి గదికొచ్చి ఎన్ని నీళ్ళు పోసుకున్నా మెడ మీద, మోచేతుల మీద గాజునూలు దురద పోయేది కాదు.

అక్కడ నాకు తెలిసిందేమంటే, ఒకే అచ్చులోంచి వచ్చిన రెండు పడవలు ఒకటి కావు. ఒకదాని పొరలు చల్లటి పొద్దున, తొందరలేని చేతులు వేసి ఉంటాయి. ఇంకోదానివి ఈద్‌కి ముందు డెలివరీ ఇవ్వాలని మేస్త్రీ అరుస్తుంటే వేసినవి. బయటికి రెండూ ఒకే మెరుపు. మన పెద్దలు జాహిర్, బాతిన్ అంటారు కదా, పైకి కనిపించేది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. పడవలో ఆ రెంటికీ నడుమ ఉండే దూరం జెల్‌కోట్ మందమే, ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

తరువాత నసీబ్ బాగుండి ఒక సర్వేయర్ దగ్గర సహాయకుడిగా చేరాను. పాత పడవ కొనేవాళ్ళు ముందు సర్వేయర్‌ను పిలిచి పరఖ్ చేయించుకుంటారు. ఆయన అలెగ్జాండ్రియా మనిషి, ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి వచ్చినవాడు. నేను ఉస్తాద్ అనేవాణ్ణి. అరబ్బీ, ఇంగ్లీషు, గల్ఫ్‌లో అందరూ మాట్లాడే విరిగిన హిందీ కలిపి మాట్లాడేవాడు.

మొదటిరోజే నాకో హుకుం ఇచ్చాడు. "సీట్ల వైపు చూడకు. సీట్లు కొనేవాడు చూస్తాడు. కొనేవాడు చూడనివి చూడటానికే మనకు డబ్బిస్తున్నాడు."

పైకప్పు లేని షాన్‌దార్ పడవ అనగానే ఆ లైన్లో ఉన్నవాళ్ళంతా ఇటలీ పేరెత్తుతారు. అక్కడ ఇసేయో సరస్సు ఒడ్డున సార్నికో అనే ఊరుంది. రివా అనే కుటుంబం 1842 నుంచి ఆ ఊళ్ళో పడవలు చేసింది. ఆ ఖాందాన్‌లోని కార్లో రివా 1962లో అక్వారామా అనే పడవను తీసుకొచ్చాడు. మొత్తం మహాగని చెక్క, పూత మీద పూతగా వార్నిష్, రెండు ఇంజన్లు. ముందు అద్దం వంపు తిరిగి సినిమా తెరలా ఉంటుంది. ఆ రోజుల్లో సినెరామా అని వెడల్పాటి తెర వచ్చింది, అక్వారామా పేరు దాన్నుంచి వచ్చిందే. కార్ల లంబోర్గినీ కూడా ఒకటి తెప్పించుకుని, 1968లో దానికి తన కార్ల ఇంజన్లే రెండు పెట్టించుకున్నాడు. 1996 దాకా ఆ పడవలు చేశారు. ఇప్పటికీ వాటిని జాగ్రత్తగా చూసుకున్నవాళ్ళ దగ్గర వాటి కీమత్ పెరుగుతూ పోతోంది.

ఉస్తాద్ ఆ పేరు ఎత్తినప్పుడల్లా ఒక మాట అనేవాడు. "అది చెక్క కాబట్టి విలువ కాదు. ఆ చెక్కను ఏటా ఎవరో చూసుకున్నారు కాబట్టి విలువ. చూసుకోని అక్వారామా వంటచెరకు."

పైకప్పున్న పడవకంటే తెరిచి ఉన్న పడవను పరఖ్ చేయడం కష్టం. ఎండా, ఉప్పుతుంపరా, ఎప్పుడో ఒక వానా, అన్నీ నేరుగా లోపలికే వస్తాయి. పైగా అరేబియా గల్ఫ్ నీళ్ళు మామూలు సముద్రం కంటే ఉప్పన. మహాసముద్రంలో కిలో నీళ్ళకు 35 గ్రాముల ఉప్పుంటే అక్కడ 40 దాకా ఉంటుంది. దాచే గదులు లేవు కాబట్టి పైపులు, వైర్లు, ట్యాంకులు, బ్యాటరీలు అన్నీ సీట్ల కింద, నేల కింద కుక్కుతారు. అందమంతా పైన, ఐబంతా కింద.

ఉస్తాద్ దగ్గర ఒక వరస ఉండేది. ముందు పడవను నీళ్ళలోంచి ఎత్తించేవాడు. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, పొద్దున గానీ అసర్ తరువాత గానీ, పడవ చివర నిలబడి ఒక కన్ను మూసి పొడుగునా చూసేవాడు. అద్దంలాంటి ఆ ఒంటి మీద వెలుగు ఒకే గీతగా పారాలి. గీత ఎక్కడైనా వణికితే అక్కడ లోపల ఏదో జరిగిందని లెక్క, పాత దెబ్బ గానీ రిపేరు గానీ. జెల్‌కోట్ మీద సన్నటి చీలికలుంటే వాటి ఆకారం చూసేవాడు. నక్షత్రంలా ఉంటే ఏదో గట్టిగా తగిలింది. పక్కపక్కనే గీతల్లా ఉంటే ఆ భాగం ఊగుతోంది, లోపల బలం చాలడం లేదు.

తరువాత సుత్తి. చిన్న ప్లాస్టిక్ తల ఉన్న సుత్తి. అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోవడమే. మంచి పొరలు టక్ టక్‌మంటాయి. పొరలు విడిపోయినా, లోపలి చెక్క తడిసి కుళ్ళినా దబ్ దబ్‌మంటుంది. మొదటిసారి ఆ సుత్తి చేతికిచ్చినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. రాయచోటి టింబర్ డిపోలో తల వంచి నిలబడ్డ అబ్బా కళ్ళ ముందుకొచ్చాడు. ఉస్తాద్ నన్ను చూసి "ఇంతకుముందు ఎవరైనా నేర్పారా?" అన్నాడు. "మా అబ్బా తలుపులు చేస్తాడు" అన్నాను.

పడవ వెనక గోడను ట్రాన్సమ్ అంటారు. ఇంజను బరువు, తోపు అంతా దాని మీదే. చాలా పడవల్లో ఫైబర్ పొరల నడుమ ప్లైవుడ్ ఉంటుంది. ఇంజను లెగ్గు కోసం దానికి పెద్ద కంత కోస్తారు. ఆ కోసిన అంచుకు సరిగ్గా రెసిన్ పట్టించి మూయకపోయినా, తరువాత ఎవరో ఒక స్క్రూ బిగించి దాని చుట్టూ సీలు వేయడం మరిచిపోయినా చాలు, నీళ్ళు ఏళ్ళ తరబడి ఒక్కో చుక్కే తాగుతూ ఆ చెక్క లోలోపలే కుళ్ళుతుంది. బయట మెరుపు తగ్గదు.

ఇంకా చిన్న చిన్న ఆనవాళ్ళుంటాయి. పడవ అడుగున జింక్ ముక్కలు కడతారు, ఉప్పునీటి తుప్పు మిగతా లోహాలను వదిలి వాటిని తినాలని. అవి సగం అరిగి ఉంటే మంచిదే, పని చేస్తున్నాయి. పడవ పాతది, జింక్ మాత్రం కొత్తగా మెరుస్తుంటే నిన్ననే మార్చారన్నమాట. ఎన్నాళ్ళైనా అరగకుండా ఉంటే దానికి లోపల కనెక్షన్ లేదు, అప్పుడు తుప్పు ఇంకెక్కడో తింటోంది. వైర్లు చూసేవాడు. పడవకు వాడాల్సిన రాగి తీగకు తగరం పూత ఉంటుంది. ఇంటి వైరు వాడితే ఏడాదికల్లా నల్లబడుతుంది. సీటు కింద వైర్లకు పేర్లు రాసి, వరసగా కట్టి ఉంటే ఆ పడవ చేసినవాడికి తరువాత రిపేరు చేయబోయేవాడి ఫికర్ ఉన్నట్టు. సీటు కుషన్ తీసి చేత్తో నొక్కేవాడు. పైన తోలు పొడిగా ఉన్నా లోపలి స్పాంజి నీళ్ళు కక్కితే కుట్ల దగ్గర దారం ఎండకు చచ్చిపోయిందని అర్థం.

అన్నిటికంటే నాకు నచ్చింది బకెట్ పరీక్ష. ఒక బకెట్ మంచినీళ్ళు నేల మీద పోసి ఊరుకుంటాడు. నీళ్ళు ఎటు పోతాయో చూస్తాడు. తెరిచిన పడవలో పడిన నీళ్ళు తమంతట తామే బయటికి పోవాలి. మూలన నిలిచినా, మూత సందుల్లోంచి ఇంజను గదిలోకి దిగినా ఆ పడవ గీసినవాడు వాన గురించి ఆలోచించలేదు. ఎంత ఖరీదైన పడవలు ఆ ఒక్క బకెట్ దగ్గర ఓడిపోయాయో చెబితే నమ్మరు.

ఇంజన్ దగ్గరకు పోగానే మొదటి పని దాని మీద చేయి పెట్టడం. చల్లగా ఉండాలి. మనం వెళ్ళేసరికే వేడిగా ఉంటే అమ్మేవాడు ముందే ఒకసారి స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. చల్లటి ఇంజనే నిజం చెబుతుంది, మొదటి పొగ రంగులో, మొదటి దగ్గులో. పెట్రోల్ ఇంజనైతే స్టార్ట్ చేసేముందు కనీసం నాలుగు నిమిషాలు గాలి లాగే ఫ్యాన్ వేయాలి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, అడుక్కి దిగి కూర్చుంటుంది. ఆ ఫ్యాన్ పనిచేయకపోతే ఆ పడవలో నేను నా పిల్లల్ని కూర్చోబెట్టను. నూనె తీసి చూస్తే పాలు కలిసిన చాయ్‌లా ఉండకూడదు, ఉంటే లోపలికి నీళ్ళు పోయాయి. మీటరు మీద గంటలు తక్కువుంటే జనం మురిసిపోతారు. ఏడాదికి యాభై నుంచి వంద గంటలు తిరగడం మామూలు. ఎనిమిదేళ్ళ పడవ మొత్తం తొంభై గంటలే తిరిగిందంటే అది కన్యగా లేదు, కట్టేసి వదిలేశారు. ఉప్పునీళ్ళలో తిరిగే పడవకంటే నిలబడ్డ పడవే ముందు పోతుంది.

చివరికి సముద్రంలోకి. గల్ఫ్‌లో షమాల్ గాలి లేస్తే అలలు ఎత్తుగా ఉండవు గానీ దగ్గర దగ్గరగా, నిటారుగా వస్తాయి. పడవ అడుగు 'వి' ఆకారంలో లోతుగా ఉంటే అలను కోసుకుంటూ పోతుంది. చదునుగా ఉంటే అరచేత్తో కొట్టినట్టు ఢబీమని పడుతుంది. అమెరికాలో రే హంట్ అనే ఆయన గీసిన లోతైన 'వి' పడవ 1960లో మయామీ నుంచి నసావు పందెం గెలిచాక లోకమంతా ఆ దారి పట్టింది. కానీ రేవులో నిలబెట్టి అమ్మేటప్పుడు చదును పడవే వెడల్పుగా, హాయిగా కనిపిస్తుంది. యూరప్ లెక్క ప్రకారం తయారైన పడవకు ఒక పలక ఉంటుంది. దాని మీద కేటగిరీ రాసుంటుంది. బి అంటే 8 నంబరు గాలి దాకా, 4 మీటర్ల అల దాకా. సి అంటే 6 నంబరు గాలి, 2 మీటర్ల అల. ఎంతమంది ఎక్కవచ్చో కూడా దాని మీదే ఉంటుంది. తేనెరంగు సీట్లు లెక్కపెట్టుకుని పదిమందిని ఎక్కించే ముందు ఆ పలక చదవాలి.

ఇక అసలు సంగతి.

దుల్హాభాయ్ అప్పట్లో దుబాయిలోనే పాత పడవలు అమ్మిపెట్టే ఒక ఆఫీసులో సేల్స్‌లో ఉండేవాడు. మంచి మనిషి, మాటకారి. నేను అక్కడికి పోవడానికి వీసా డబ్బులు సర్దింది ఆయనే. ఆ సంవత్సరం మా పెద్ద మేనకోడలి నిఖా కుదిరింది. రెండు నెలల్లో షాదీ. అదే సమయంలో ఆయన చేతికి 34 అడుగుల తెరిచిన పడవ బేరం వచ్చింది. పదేళ్ళది, రెండు పెట్రోల్ ఇంజన్లు. అడిగిన ధర 3,20,000 దిర్హాములు. బేరం తెగితే ఆయన వాటా 16,000. కొనేవాడు హైదరాబాద్ మూలాలున్న ఒక వ్యాపారి. ఇద్దరు చిన్నపిల్లలు, ముసలి తల్లి. జుమా రోజున అందర్నీ ఎక్కించుకుని తిరగాలని షౌక్. సర్వేకి మా ఉస్తాద్‌నే పిలిచాడు. ఉస్తాద్‌కి ఆ వారం వేరే పని ఉండి, మొదటి పరీక్ష నన్ను చేయమన్నాడు.

అమ్మిపెడుతున్నది మా దుల్హాభాయ్ అని నేను ఉస్తాద్‌కి చెప్పలేదు. అది నా మొదటి తప్పు.

పడవ చూడ్డానికి నిజంగా బాగుంది. సీట్లు కొత్తగా కుట్టించారు. జింక్ ముక్కలు కొత్తవి. ట్రాన్సమ్ దగ్గర సుత్తి పెట్టాను. టక్, టక్, టక్. ఎడమ ఇంజను కంత కింద దబ్. మళ్ళీ కొట్టాను. దబ్. చేతివెడల్పు అనుకున్నది కొడుతూ పోతే రెండు జానల దాకా పోయింది. బయట చూస్తే ఒక నిచ్చెన బ్రాకెట్ తరువాత ఎవరో బిగించారు, స్క్రూల చుట్టూ సీలు లేదు. తేమ మీటరు ముల్లు చివరిదాకా పోయింది.

ఆ రాత్రి దుల్హాభాయ్ మా గదికి వచ్చాడు. కింద కెఫెటేరియా నుంచి చాయ్ తెప్పించాను. తాగలేదు.

"ఎంత ఉందిరా?"

"ట్రాన్సమ్ విప్పాలి. చెక్క మార్చాలి. ఇంజన్లు దించకుండా కాదు."

"ఇప్పటికిప్పుడు ఊడి పడుతుందా?"

"పడదు. ఒక సీజన్ నడవొచ్చు, రెండు నడవొచ్చు. ఎప్పుడని చెప్పలేను."

"అయితే 'గమనించగలరు' అని రాయి. 'కుళ్ళింది' అని రాయకు. అబద్ధం చెప్పమనడం లేదు కదా నేను. ఒక్క మాట మార్చమంటున్నా."

నేను ఖామోష్‌గా ఉన్నాను. ఆయన లేచి తలుపు దగ్గర ఆగాడు. "బిడ్డ షాదీ రా" అన్నాడు. అంతే. ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది.

నాకు నిద్ర పట్టలేదు. నిజాయితీ గురించి గొప్పగా ఏం ఆలోచించలేదు. ఒక ముసలమ్మ ఆ వెనక సీట్లో కూర్చుని ఉన్నట్టు మాత్రం కనిపిస్తూ ఉంది. ఆ సీటు ఆ ట్రాన్సమ్‌కి ఆనుకునే ఉంది. పొద్దున ఉస్తాద్‌కి ఉన్నదున్నట్టు రాసిచ్చాను. దుల్హాభాయ్ సంగతి కూడా అప్పుడే చెప్పాను. ఆయన గుస్సా అయ్యాడు. "ఇది ముందే చెప్పి ఉంటే నేను వెళ్ళేవాణ్ణి. నీ మీద ఈ బరువు పడేది కాదు. మీ అక్క ఇంటిమీద కూడా పడేది కాదు" అన్నాడు. ఆయనే వెళ్ళి మళ్ళీ పరీక్ష చేశాడు. అదే తేలింది. బేరం పోయింది.

షాదీ ఆగలేదు. ఆపా తన గొలుసు, గాజులు కుదువపెట్టింది. నేను పంపిన డబ్బు తిరిగి వచ్చింది. షాదీకి వెళ్తే అందరితోపాటు నాకూ బిర్యానీ వడ్డించింది, మాట మాత్రం లేదు. అమ్మీ ఫోన్లో "ఒక్క మాట కోసం ఇంత చేశావేరా" అంది. అబ్బా ఫోన్ తీసుకుని, "చెక్క పుచ్చిందని తెలిసి తలుపు బిగిస్తానా నేను?" అని మళ్ళీ అమ్మీకే ఇచ్చేశాడు.

కథ ఇక్కడితో ఆపితే నేను మంచివాణ్ణి అయిపోతాను. కానీ ఇక్కడితో ఆగలేదు.

ఆ తరువాత నా చేతిలో సుత్తి మారిపోయింది. ఏ పడవ చూసినా ఐబ్ కోసమే వెతికేవాణ్ణి. దొరికితే సంతోషం. ఏడాది తరువాత ఒక పడవ వచ్చింది. యజమాని చనిపోతే ఇంటివాళ్ళు అమ్ముతున్నారు. బాగా చూసుకున్న పడవ, నూనె మార్చిన తారీకులన్నీ పుస్తకంలో రాసుంది. ఆ పొద్దునే నీళ్ళలోంచి ఎత్తి కడిగారు. మీటరు పెట్టాను, అడుగంతా తేమ చూపించింది. సుత్తి కూడా కొట్టాను, నా చెవికి దబ్‌మనే వినిపించింది. "అడుగు తడిసింది, కొనవద్దు" అని రాశాను. కొనేవాడు ఆ సాయంత్రమే వెనక్కి తగ్గాడు.

ఉస్తాద్‌కి ఎందుకో షక్ వచ్చింది. పది రోజులు పడవను ఎండలో ఆరనిచ్చి వెళ్ళాడు, నన్ను తీసుకుని. అడుగున నాచు పట్టకుండా వేసే రంగులో రాగి ఉంటుంది. తడి ఆరకముందు పెట్టినా, ఆ రంగు మీద పెట్టినా మీటరు ఎక్కువ చూపిస్తుంది. రెండు చోట్ల రంగు గీకి మళ్ళీ పెట్టాడు. ముల్లు కదల్లేదు. సుత్తి నా చేతికే ఇచ్చాడు. టక్ టక్ టక్. అడుగంతా గంటలా మోగింది.

"మీటరు తప్పు కాదు. నువ్వు దుల్హాభాయ్ మీద కోపాన్ని ఈ పడవ మీద రాశావు" అన్నాడు ఉస్తాద్.

నాకు కోపం దుల్హాభాయ్ మీద కాదేమో. నేను రాసింది సరైందేనని రోజూ ఎవరో ఒకరు నాకు చెప్పాలి. ఆపా చెప్పదు కాబట్టి పడవల చేత చెప్పించుకుంటున్నాను. ప్రతి పడవా కుళ్ళిందని తేలితే నేను ప్రతిసారీ మంచివాణ్ణే కదా! ఆ యజమాని బేవాకు కొత్త కాగితం ఇచ్చి, ముఆఫీ అడిగి వచ్చాను. ఆమె "పరవాలేదు బేటా" అంది. కానీ మొదటి గిరాకీ అప్పటికే వేరే పడవ కొనేశాడు. తరువాత ఆమెకు తక్కువకే పోయింది. నా ఒక్క లైను వల్ల.

ఉన్న ఐబ్ దాచడం మోసం. లేని ఐబ్ అంటగట్టడం ఇంకోరకం మోసం, దానికి మంచిపేరు కూడా తోడు వస్తుంది కాబట్టి మరీ ప్రమాదం. పరఖ్ అంటే షక్ పడటం కాదు. మంచిని మంచి అని రాయడానికి కూడా అంతే ధైర్యం కావాలి. అప్పటినుంచి నా రిపోర్టులో మొదటి పేజీ పడవలో బాగున్నవాటికే.

మొదటి పడవ ఏమైందో కూడా చెబుతాను. తక్కువ ధరకు ఒక గ్యారేజీవాళ్ళు కొన్నారు. ట్రాన్సమ్ విప్పినరోజు దుల్హాభాయ్ అక్కడే ఉన్నాడట. నా ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. విప్పిన చోట ప్లైవుడ్ చాయ్‌లో నానిన రస్కులా ఉంది. కింద ఒక్క అక్షరం లేదు. నేను కూడా ఏం రాయలేదు. ఆ తరువాత వచ్చిన బక్రీద్‌కి ఆపా ఫోన్ చేసి "తిన్నావా?" అంది. రెండేళ్ళకు మొదటి మాట. "తిన్నా" అన్నాను. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఫోన్ పట్టుకుని ఉన్నాం.

ఇప్పుడు మేనల్లుడి ప్రశ్నకు వద్దాం. వాడికి ఇట్లా చెప్పాను.

"బేటా, అమ్మేవాడు చెప్పేది ధర. కీమత్ వేరే. ఇది ఏ నీళ్ళలో తిరగాలి, ఎవరు ఎక్కుతారు, ఏటా ఎన్నిసార్లు తీస్తారు, ముందు అవి అడగాలి. కొన్న ధరలో పదోవంతు ఏటా ఖర్చు పెట్టుకోవాలని పడవలవాళ్ళ లెక్క. రేవు కిరాయి, ఇన్సూరెన్స్, సర్వీసు. రెండు పెద్ద పెట్రోల్ ఇంజన్లు గట్టిగా తోలితే గంటకు వంద లీటర్లు దాటి తాగుతాయి. అది భరించలేనివాడి దగ్గర ఎంత మంచి పడవైనా మూడేళ్ళలో పాడవుతుంది. భరించగలిగి, చూసుకునేవాడి దగ్గర పాతదైనా నిలబడుతుంది. అందుకే పడవ కంటే ముందు పడవ పుస్తకం చూడాలి. ఎప్పుడు ఏం మార్చారో రాసిపెట్టుకున్నవాడి పడవకు నేను నాలుగు రూపాయలు ఎక్కువే ఇస్తాను."

వాడికి అంత వినే సబర్ లేదు. "సరేలే మామూ, పడవ ఎవరు కొంటారు గానీ, నేనో సెకండ్ హ్యాండ్ బండి చూశా. మదనపల్లె రోడ్డులో ఉంది. రేపు వస్తావా?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపు పేపర్ మడతపెట్టిన చప్పుడైంది.

"మామూను తీసుకుని పొద్దున్నే పో" అన్నాడు దుల్హాభాయ్, వాడితో. "వస్తున్నామని ముందుగా ఫోన్ చేయొద్దు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి."

ఆపా చాయ్ తెచ్చి ఆయన ముందు ఒకటి, నా ముందు ఒకటి పెట్టింది. ఇద్దరం తాగాం.